పెంచి పెట్టేవాళ్ళ అలసట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోస్టర్ పిల్లల్ని పెంచేవాళ్ళు, మనవల్నో తోబుట్టువుల పిల్లల్నో దగ్గర పెట్టుకుని సాకేవాళ్ళు నెలకోసారి కలుసుకునే చిన్న బృందంలో నేను చాలా ఏళ్ళుగా ఉన్నాను. మొదట ఫోస్టర్ తల్లిగా వెళ్ళాను. ఇప్పుడు మా అక్క కొడుకుని పెంచుతున్న పిన్నిగా వెళ్తున్నాను. అక్కడ మళ్ళీ మళ్ళీ వినపడే ప్రశ్నలే ఇవి. చట్టం, డబ్బు సాయం దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోలేదు.

దత్తత, ఫోస్టర్, బంధువుల పెంపకం: వీటికి తేడా ఏమిటి?

మన భాషలోనే ఒక చిక్కుంది. ‘పెంచుకుంటున్నాం’ అనగానే వినేవాళ్ళు దత్తత అనుకుంటారు. దత్తతలో బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డయిపోతుంది. ఫోస్టర్ అలా కాదు. కన్నవాళ్ళ దగ్గర ఉండే పరిస్థితి లేనప్పుడు అధికారులు బిడ్డని కొంతకాలం ఒక కుటుంబానికి అప్పగిస్తారు. ఆ కొంతకాలం వారం కావచ్చు, పదేళ్ళు కావచ్చు. బంధువుల పెంపకంలో ఆ కుటుంబం అమ్మమ్మదో మేనమామదో పెద్దమ్మదో అవుతుంది. చాలాసార్లు కాగితాలేవీ ఉండవు, అర్ధరాత్రి ఒక ఫోన్ వస్తుంది, తెల్లారేసరికి బిడ్డ మీ ఇంట్లో ఉంటుంది.

నేనైతే పెంచుకోవడం వేరు, పెంచి పెట్టడం వేరు అంటాను. పెంచి పెట్టేవాళ్ళకి చాకిరీ అంతా ఉంటుంది, నిర్ణయాలు మాత్రం ఇంకెవరి చేతుల్లోనో ఉంటాయి. స్కూలు మార్చాలన్నా, ఆపరేషన్‌కి సంతకం పెట్టాలన్నా, ఊరు దాటి తీసుకెళ్ళాలన్నా ఎవరినో అడగాలి.

పిల్లల్ని పెంచడమంటేనే అలసట కదా. ఇందులో ప్రత్యేకం ఏముంది?

పని ఎక్కువని కాదు. ఆ పని దేన్నీ ఒక కొలిక్కి రానివ్వదు.

ఒక రాత్రి చెప్తాను. మా దగ్గరికి వచ్చిన అమ్మాయికి ఆరేళ్ళు. వచ్చినప్పటి నుంచీ రాత్రి రెండింటికి లేచి ఇంట్లో ప్రతి తలుపూ లాగి చూసేది. గడియ పడిందో లేదో చూసుకుని, వంటగదిలోకి వెళ్ళి, దొరికింది ఏదో తెచ్చుకుని దిండు కింద పెట్టుకునేది. తినేది కాదు. పొద్దున దుప్పటి దులిపితే నలిగిన బిస్కెట్లు రాలేవి. మొదట్లో ‘అడిగితే ఇవ్వనా?’ అని కోప్పడ్డాను. తర్వాత ఒక మూత డబ్బా ఇచ్చి మంచం పక్కన పెట్టి, అది ఎప్పుడూ నిండుగా ఉంటుందని చెప్పాను. రోజూ రాత్రి ఆ డబ్బా తనకి చూపించి నింపేదాన్ని. దిండు కింద దాచడం మానడానికి నాలుగు నెలలు పట్టింది. తలుపులు చూసుకోవడం మాత్రం మా దగ్గర ఉన్నన్నాళ్ళూ పోలేదు. ఆ నాలుగు నెలలు నాకు వరసగా అయిదు గంటల నిద్ర పట్టిన రాత్రి ఒక్కటి కూడా లేదు. పగలంతా స్కూలు నుంచి ఫోన్లు, వారానికో అధికారి, నెలకో సమీక్ష. పైగా ఈ పిల్ల మన దగ్గర ఎన్నాళ్ళుంటుందో తెలియని గుబులు.

దీన్ని లెక్కగట్టి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో ప్యాట్రీషియా చాంబర్లెయిన్ అనే పరిశోధకురాలి బృందం పెంచేవాళ్ళకి ఫోన్ చేసి, గడిచిన ఒక్క రోజులో బిడ్డ చేసిన ఇబ్బందికర పనులు ఎన్నని అడిగేది: ఎదురు చెప్పడం, పక్క తడపడం, అబద్ధాలు, వస్తువులు విరగ్గొట్టడం లాంటివి. 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం రోజుకి అలాంటి పనులు ఆరు దాకా ఉంటే ఆ ఇళ్ళు తట్టుకున్నాయి. ఆరు దాటాక పెరిగే ప్రతి ఒక్కదానికీ ఆ పెంపకం మధ్యలో తెగిపోయే ప్రమాదం సుమారు 17 శాతం చొప్పున పెరిగింది. మా బృందంలో కొత్తగా వచ్చినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: నిన్నటి రోజు లెక్కపెట్టండి. తొమ్మిదో పదో వచ్చిందంటే లోపం మీ ఓపికలో వెతకొద్దు, ఇంట్లోకి ఇంకో మనిషి సాయం రావాలని అర్థం.

బిడ్డ మీద ప్రేమ రావట్లేదు. అన్నీ చేస్తున్నాను, లోపల మాత్రం ఏమీ లేదు. నేను చెడ్డదాన్నా?

ఈ ప్రశ్న గదిలో ఎవరూ అడగరు. సమావేశం అయ్యాక, చెప్పులేసుకుంటూ, మెల్లగా అడుగుతారు.

కాదు. దీనికొక పేరు కూడా ఉంది. డాన్ హ్యూస్, జోనథన్ బేలిన్ అనే ఇద్దరు మనస్తత్వ నిపుణులు దీన్ని ‘మూసుకుపోయిన ఆదరణ’ అనే అర్థం వచ్చే పేరుతో వివరించారు. పెద్దవాళ్ళకి బిడ్డ మీద మమకారం ఊరడం ఒకవైపు నుంచే జరిగేది కాదు. మీరు దగ్గరికి తీసుకుంటే బిడ్డ ఒదుగుతుంది, ఆ ఒదగడంతో మీకు ఇంకాస్త చెయ్యాలనిపిస్తుంది. గతంలో దెబ్బతిన్న బిడ్డ ఒదగదు, తోసేస్తుంది. పెద్దవాళ్ళని నమ్మితే ఏమవుతుందో దానికి తెలుసు. నెలల తరబడి రోజుకి పదిసార్లు తోసివేత ఎదురైతే మీ మెదడు కూడా తనని తాను కాపాడుకుంటుంది. అప్పుడు బాధ్యత మిగులుతుంది, సరదా పోతుంది. స్నానం, హోంవర్క్, మందులు అన్నీ టైముకి జరుగుతుంటాయి, బిడ్డ నవ్వినా మీకేమీ అనిపించదు. స్కూలు నుంచి వచ్చే టైము దగ్గర పడుతుంటే కడుపులో ఏదో బిగుసుకుంటుంది.

బయటపడే దారి ‘ఇంకా ప్రేమించు’ అని మీ మీద మీరు ఒత్తిడి పెట్టుకోవడం కాదు. ముందు నిద్ర. ఆ తర్వాత, మిమ్మల్ని తప్పు పట్టని ఒక పెద్ద మనిషితో ఉన్నదున్నట్టు మాట్లాడటం. బిడ్డతో రోజుకి పది నిమిషాలు, నేర్పించడం, సరిదిద్దడం ఏమీ లేకుండా పక్కన కూర్చోవడం ఆ తర్వాతి సంగతి. వరస ఇదే. నిద్ర లేని మనిషికి ఆటలు చెప్పే సలహాదారుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

దీనికీ, బిడ్డ కథ వినీ వినీ మీకే పీడకలలు రావడానికీ తేడా ఉంది. బిడ్డ పడ్డ హింస మీ కళ్ళ ముందు ఆడుతుంటే, టీవీలో చిన్నపిల్ల ఏడుపు వినిపించినా గుండె దడ పుడుతుంటే, అది ఇంకొకరి గాయం మీకు అంటుకోవడం. దానికి విశ్రాంతి ఒక్కటే చాలదు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి.

మనవల్ని పెంచుతున్నాం. ఫోస్టర్ వాళ్ళకంటే మాకు సులువేగా? మా రక్తమేగా?

అందరూ అలాగే అంటారు. అందుకే అమ్మమ్మలకి, తాతయ్యలకి సాయం అందరికంటే ఆలస్యంగా అందుతుంది.

ఫోస్టర్ కుటుంబం నెలల ముందు నుంచీ సిద్ధమవుతుంది, శిక్షణ ఉంటుంది, అడిగితే పలికే అధికారి ఒకరుంటారు. మనవడు వచ్చే అమ్మమ్మకి ఒక్క పూట వ్యవధి కూడా ఉండదు. చాలా దేశాల్లో బంధువుల బిడ్డల్ని పెంచేవాళ్ళు సగటున వయసులో పెద్దవాళ్ళు, రాబడి తక్కువున్నవాళ్ళు, ఒంట్లో ఏదో ఒక జబ్బున్నవాళ్ళు. అందే శిక్షణా, సేవలూ తక్కువే. బిడ్డ మోసుకొచ్చిన గాయం మాత్రం అంతే లోతు.

దీనికి తోడు ఫోస్టర్ వాళ్ళకి ఉండని ముడి ఒకటుంది. ఈ బిడ్డకి అన్యాయం చేసింది మీరు కన్న బిడ్డే. మత్తుకి అలవాటు పడ్డ కూతురు డబ్బు కోసం వచ్చి తలుపు కొడుతుంది, లోపల మనవరాలు వింటూ ఉంటుంది. తలుపు తీస్తే ఒక బిడ్డకి ద్రోహం, తీయకపోతే ఇంకో బిడ్డకి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ‘నేను సరిగ్గా పెంచి ఉంటే అది ఇలా అయ్యేదా?’ అన్న ప్రశ్న రాత్రిళ్ళు నిద్రపోనివ్వదు. మా బృందంలో ఒక తాతగారు అన్న మాట నాకు మర్చిపోలేనిది: ‘అమ్మా, పిల్లాడి మీద కోపం వస్తే అది వాడి మీద కాదు, మా వాడి మీద. మొహం ఒక్కటే అవడం వల్ల వస్తున్న తిప్పలు.’

మీది ఇలాంటి పరిస్థితే అయితే రెండు పనులు త్వరగా చెయ్యండి. మొదటిది, స్కూల్లో, ఆసుపత్రిలో మీ సంతకం చెల్లే కాగితం సంపాదించండి. మీ దగ్గర దాన్ని ఏమంటారో, ఎవరిస్తారో పిల్లల సంక్షేమ కార్యాలయంలో గానీ ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో గానీ అడగండి. బిడ్డకి జ్వరం వచ్చిన రాత్రి వెతుక్కునే కాగితం కాదది. రెండోది, మీకేమైనా అయితే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో ఇప్పుడే మాట్లాడి రాసిపెట్టండి. ఈ సంగతి ఎత్తాలంటే అందరికీ భయమే. ఎత్తి తేల్చుకున్నాక కంటినిండా నిద్రపోతున్నామని చెప్పినవాళ్ళు చాలామంది.

ఇంత కష్టపడుతున్నాం. బిడ్డకి నిజంగా మేలు జరుగుతోందా?

జరుగుతోంది, ఆధారాలున్నాయి. బంధువుల పెంపకం మీద వినోకుర్, హోల్టన్, బ్యాచెల్డర్ అనే పరిశోధకులు 2014లో 102 అధ్యయనాల్ని, అంటే ఆరు లక్షల అరవై వేల పైచిలుకు పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. ఫోస్టర్ ఇళ్ళలో ఉన్నవాళ్ళతో పోలిస్తే బంధువుల దగ్గర పెరిగినవాళ్ళలో ప్రవర్తన సమస్యలు, మానసిక ఇబ్బందులు తక్కువ. ఇళ్ళు మారాల్సిన అవసరమూ తక్కువ. ఆ పిల్లలకి చికిత్స, సేవలు మాత్రం తక్కువగా అందుతున్నాయని కూడా అందులోనే తేలింది. బంధువులు బాగానే చూసుకుంటున్నారు కదా, ఇంకేం కావాలి అనేవాళ్ళకి ఈ రెండో సగం కూడా చదివి వినిపించాలి.

ఫోస్టర్ విషయానికొస్తే, 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధన పేరుమోసింది. అనాథ సంస్థల్లో ఉన్న 136 మంది పసివాళ్ళలో సగం మందిని చీటీ పద్ధతిలో ఫోస్టర్ కుటుంబాలకి పంపారు. కుటుంబంలోకి వెళ్ళినవాళ్ళు తెలివితేటల్లో, పెద్దవాళ్ళతో పెనవేసుకునే అనుబంధంలో ముందుకొచ్చారు. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళకి మేలు ఇంకా ఎక్కువ. మనవాళ్ళు అంతగా పట్టించుకోని సంగతి ఒకటి అందులో ఉంది. బిడ్డని చేతిలో పెట్టి ఆ కుటుంబాల్ని వదిలెయ్యలేదు, సోషల్ వర్కర్లు వెన్నంటి ఉన్నారు.

కన్నతల్లిని కలిసొచ్చిన ప్రతిసారీ బిడ్డ రెండు రోజులు ఇల్లు పీకి పందిరేస్తోంది. కలవడం ఆపించెయ్యాలా?

తొందరపడొద్దు. కలిసొచ్చాక అల్లరి చేసిందంటే అక్కడ చెడు జరిగిందనే అర్థం కాదు. చాలాసార్లు అది విడిపోవడంలోని బాధ. బిడ్డకి ఆ బాధ చెప్పుకునే మాటలు లేవు, కాబట్టి చెప్పులు విసురుతుంది. దగ్గరున్నవాళ్ళు మీరే కాబట్టి మీ మీదే విసురుతుంది. ‘నువ్వు మా అమ్మవి కాదు’ అంటే, ‘అవును, కాను. మీ అమ్మని వదిలి రావడం కష్టంగా ఉంది కదూ’ అనండి. వాదించడానికి అందులో ఏమీ లేదు.

ఆ రెండు రోజుల్ని ముందే ఖాళీ పెట్టుకోండి. ఆ సాయంత్రం చుట్టాల్ని పిలవొద్దు, చదువు గొడవ పెట్టొద్దు, పెందలాడే పడుకోబెట్టండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, కలిసిన సమయం, తర్వాత ఏం జరిగిందీ రాస్తూ పోండి. మూడు నాలుగు నెలలకి ఒక బొమ్మ కడుతుంది. నిజంగా అక్కడ భయపెట్టేది ఏదైనా జరుగుతుంటే అది కూడా అందులో బయటపడుతుంది. అప్పుడు అధికారి ముందు ‘నాకలా అనిపిస్తోంది’ అనక్కర్లేదు, పుస్తకం తెరిచి చూపించొచ్చు.

ఆ పుస్తకం వల్ల ఇంకేమైనా ఉపయోగం ఉందా?

ఉంది. ఫోస్టర్ వాళ్ళు పైకి చెప్పని భయం, ఎప్పుడైనా ఎవరైనా తమ మీద ఆరోపణ చేస్తారేమోనని. బిడ్డ ఒంటి మీద దెబ్బ కనిపిస్తే విచారణ వస్తుంది, రావాలి కూడా, పిల్లల రక్షణ అలాగే ఉండాలి. అయితే ఆ విచారణ సాగినన్నాళ్ళూ పెంచేవాళ్ళ బతుకు గాల్లో వేలాడుతుంది. మా మీద ఒకసారి వచ్చింది. స్కూల్లో పడిన దెబ్బకి ఇంట్లో సంజాయిషీ అడిగారు. పడిన రోజు, టైము, టీచరుతో ఫోన్లో మాట్లాడిన మాటలు రాసి ఉండబట్టి మూడు వారాల్లో తేలిపోయింది. ఆ మూడు వారాలూ మాతో మాట్లాడకూడదన్నట్టు అందరూ మొహం చాటేశారు. కాబట్టి ప్రతి రోజూ రెండే రెండు లైన్లు, అభిప్రాయాలు లేకుండా, జరిగింది జరిగినట్టు రాయండి.

మా సొంత పిల్లలు అలుగుతున్నారు.

అలగడానికి వాళ్ళకి కారణం ఉంది. వాళ్ళ గది, వాళ్ళ బొమ్మలు, అన్నిటికంటే వాళ్ళ అమ్మానాన్నల టైము పోయింది. ‘పాపం ఆ పిల్ల ఎన్ని కష్టాలు పడిందో చూడు’ అని బుద్ధి చెబితే, తన బాధకి ఈ ఇంట్లో చోటు లేదని మీ బిడ్డకి అర్థమవుతుంది. ఎవరూ ముట్టుకోకూడని ఒక అర, వారానికి ఒక గంట మీతో ఒంటరిగా. ఆ గంటలో కొత్త బిడ్డ ఊసెత్తొద్దు. మాట తప్పొద్దు.

భార్యాభర్తలమే శత్రువుల్లా అయిపోయాం.

మా బృందంలో సగం జంటలు ఈ మాటే అంటారు. సాధారణంగా బిడ్డ ఒకరితో నెమ్మదిగా ఉండి, రెండోవారి మీద విరుచుకుపడుతుంది. రోజంతా ఇంట్లో ఉండి పడేవాళ్ళ మాట, సాయంత్రం వచ్చేవాళ్ళు నమ్మరు. ‘నాతో బాగానే ఉంటుందే!’ అన్న ఒక్క మాట చాలు, రగలడానికి. ఒక శనివారం పాత్రలు మార్చుకోండి, పొద్దుటి నుంచి రాత్రి దాకా. మాటలతో తెగని వాదన అక్కడ తెగుతుంది.

అందరూ ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అంటారు. ఏమని అడగాలో తెలియదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు, అది నిజమే. అలసిన మనిషికి ఏం అడగాలో తేల్చుకోవడం కూడా ఒక పనే. కాబట్టి ఓపిక ఉన్న రోజున ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ‘సాయం కావాలి’ అని కాకుండా ‘మంగళవారం నాలుగింటికి స్కూలు నుంచి తీసుకురావాలి’ అని. ‘గురువారం రెండు గంటలు ఇంట్లో కూర్చోవాలి, నేను పడుకుంటాను.’ ‘ఈ ఫారం నింపిపెట్టాలి.’ ‘ఆదివారం పెద్దవాణ్ణి మైదానానికి తీసుకెళ్ళాలి.’ ఎవరైనా ఆ మాట అన్నప్పుడు కాగితం ముందు పెట్టి ఒకటి ఎంచుకోమనండి. మొహమాటంగానే ఉంటుంది. మా పక్కింటావిడ మంగళవారం స్కూలు పని ఎంచుకున్నారు, రెండేళ్ళు చేశారు. ‘ముందే ఇలా చెప్పొచ్చుగా, ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నాను’ అన్నారు.

చుట్టాలకీ స్నేహితులకీ కూడా ఒక మాట. దయచేసి ‘మీరు దేవుళ్ళు’ అనొద్దు. దేవుళ్ళకి విసుగు రాకూడదు కదా, ఆ మాట విన్నాక మా విసుగు ఎవరితో చెప్పుకోవాలి?

కొన్నాళ్ళు విరామం తీసుకుంటే బిడ్డ వదిలేశాననుకోదా?

ఆఖరి నిమిషంలో, మీరు ఏడుస్తూ, ఎవరో తెలియని ఇంట్లో దించి వస్తే అనుకుంటుంది. విరామం మందులా కాకుండా స్కూలు టైంటేబుల్‌లా ఉండాలి. నెలలో రెండో శనివారం, అదే ఇల్లు, అదే మనిషి, అదే సంచి. క్యాలెండర్ మీద బిడ్డ చేతే గుర్తు పెట్టించండి. తిరిగొచ్చే టైము నిమిషం తప్పొద్దు. మొదట రెండు గంటలతో మొదలుపెట్టి, తర్వాత రోజు, ఆ తర్వాత ఒక రాత్రి. అలసట నెత్తికెక్కాక తీసుకునే వారం రోజుల సెలవుకంటే, అలవనప్పుడే తీసుకునే నెలకో పూట ఎక్కువ పనిచేస్తుందన్నది నా అనుభవం.

బృందాలు, శిక్షణలు నిజంగా పనికొస్తాయా? మళ్ళీ ఇంకో పూట ఖర్చు కదా.

పూట ఖర్చే. మంచిదైతే తిరిగొస్తుంది. అమెరికాలో శాన్ డియేగోలో 700 ఫోస్టర్, బంధు కుటుంబాలతో ‘కీప్’ అనే కార్యక్రమాన్ని పరీక్షించారు. 16 వారాలు, చిన్న బృందాలు, ఇంట్లో ఆ వారం జరిగిన గొడవే పాఠం. పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయి, కన్నవాళ్ళ దగ్గరికి తిరిగి చేరడం లాంటి మంచి ముగింపులు పెరిగాయి. పసిపిల్లలకైతే మేరీ డోజియర్ అనే మనస్తత్వ నిపుణురాలు రూపొందించిన ‘ఏబీసీ’ పద్ధతి ఉంది. ఇంటికే వచ్చి పది సార్లు కూర్చుంటారు. బిడ్డ తోసేస్తున్నా దాని అవసరాన్ని ఎలా పసిగట్టాలో అప్పటికప్పుడు చూపిస్తారు. రెండింటిలోనూ ఉపన్యాసం తక్కువ, మీ ఇల్లు ఎక్కువ. మీ దగ్గర దొరికే శిక్షణని కూడా ఈ కొలతతోనే చూడండి.

ఇంకో నమూనా నాకు బాగా ఇష్టం. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ‘మాకింగ్‌బర్డ్’ పేరుతో మొదలైంది. అనుభవం ఉన్న ఒక ఫోస్టర్ ఇల్లు మధ్యలో ఉంటుంది, చుట్టూ ఆరు నుంచి పది పెంపక కుటుంబాలు. నెలకోసారి అందరూ కలుస్తారు, ఎవరికి ఊపిరాడకపోయినా వాళ్ళ బిడ్డ ఆ రాత్రికి ఆ ఇంట్లో పడుకుంటుంది. బిడ్డకి అది కొత్త ఇల్లేమీ కాదు. పాతకాలపు పెద్దమ్మ ఇల్లన్నమాట, జీతమిచ్చి మళ్ళీ కట్టుకున్నారు.

దగ్గర్లో బృందం లేకపోతే ముగ్గురితో మొదలుపెట్టొచ్చు. మేం నలుగురితో మొదలుపెట్టాం. ఇక్కడ విన్నది బయటికి పోకూడదు, అడగకుండా సలహా ఇవ్వకూడదు. ఈ రెండు నియమాలతోనే ఇన్నేళ్ళు నడిచింది. రెండోది పాటించడం మొదటిదానికంటే చాలా కష్టం. అధికారులతో మాట్లాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2009లో ఆమోదించిన పిల్లల ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాల్లో, బిడ్డ రాకముందు, ఉన్నప్పుడు, వెళ్ళాక కూడా ఫోస్టర్ కుటుంబాలకి క్రమం తప్పకుండా మద్దతు, కౌన్సెలింగ్ ఉండాలనీ, వాళ్ళ సంఘాల్ని ప్రోత్సహించాలనీ రాసి ఉంది. కాబట్టి మీరడుగుతున్నది దానం కాదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

రెండు వారాలకి పైగా దాదాపు రోజూ మనసు మొద్దుబారినట్టున్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోయినా వెళ్ళండి. మద్యమో నిద్రమాత్రలో పెరుగుతున్నా వెళ్ళండి. చెయ్యి లేచిందంటే, లేవబోయిందంటే, బిడ్డని భద్రంగా ఒకచోట ఉంచి పక్క గదిలోకి వెళ్ళి అప్పుడే ఎవరికైనా ఫోన్ చెయ్యండి. చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంటే రేపటి దాకా ఆగొద్దు, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యాలి, లేదా అత్యవసర విభాగానికి ఇప్పుడే వెళ్ళాలి. డాక్టర్ దగ్గరికి వెళ్తే బిడ్డని తీసుకెళ్ళిపోతారని భయపడి దాచుకునేవాళ్ళని చూశాను. దాచుకున్నవాళ్ళ ఇళ్ళలోనే పెంపకం అర్ధాంతరంగా ఆగిపోవడం కూడా చూశాను.

ఇక నా వల్ల కాదు. బిడ్డని పంపించెయ్యమని చెప్పాలనుంది.

చెప్పే ముందు ఒక్క వాక్యం మార్చి చూడండి. ‘తీసుకెళ్ళిపోండి’ అనే బదులు ‘పరిస్థితి ఇలాగే ఉంటే నెల తర్వాత నేను చెయ్యలేను, ఈ నెలలో ఏం మారుస్తారు?’ అని రాతపూర్వకంగా అడగండి. విరామం, కౌన్సెలర్, స్కూల్లో ఒక సహాయకుడు, ఇలా విడివిడిగా. చాలా ఇళ్ళు అక్కడ నిలబడ్డాయి.

కొన్ని నిలబడలేదు. చిన్న బిడ్డలకి ఇంట్లో ప్రమాదం ఉన్నప్పుడు, పెంచే మనిషి ఆరోగ్యమే కూలిపోయినప్పుడు, ఆపడమే సరైన నిర్ణయం కావచ్చు. అప్పుడు బిడ్డకి అబద్ధం చెప్పొద్దు, రాత్రికి రాత్రి సామాను సర్దొద్దు. కొత్త ఇంటివాళ్ళని ముందు పరిచయం చెయ్యండి, ఇది తన తప్పు కాదని మీ నోటితోనే చెప్పండి. తర్వాత కూడా ఫోన్ చెయ్యండి. బంధువులైతే పెంపకం ఆగినా చుట్టరికం ఆగదు కదా, మామయ్య మామయ్యగానే ఉండొచ్చు.

బిడ్డ కన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. సంతోషించాలి కదా, నేనెందుకు ఇలా కుంగిపోతున్నాను?

ఎవరూ చనిపోలేదు, కాబట్టి ఎవరూ పరామర్శకి రారు. ‘ముందే తెలుసుగా’ అంటారు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1980ల చివర్లోనే రాశారు. మనిషి బతికే ఉండి మన దగ్గర లేకపోవడమనే తీరని లోటు గురించి పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు దశాబ్దాలుగా చెప్తున్నారు. పేరు తెలిసినంత మాత్రాన బాధ పోదు, కాకపోతే పిచ్చి పట్టలేదని తెలుస్తుంది.

మా దగ్గరున్న అమ్మాయి పంతొమ్మిది నెలల తర్వాత వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళమ్మ కోలుకుంది, మేం కోరుకున్నదీ అదే. బట్టలు, బొమ్మలు, ఆ మూత డబ్బా, అన్నీ సర్ది పంపాం. మర్నాడు పొద్దున పళ్ళు తోముకోవడానికి వెళ్తే కప్పులో దాని చిన్న బ్రష్ ఉంది. దాన్ని తియ్యడానికి నాకు ఏడు వారాలు పట్టింది. మా ఆయన ప్రతి రోజూ దాన్ని చూశారు, ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు. ఆయన చేసిన సాయాల్లో నాకు బాగా గుర్తున్నది ఆ ఊరుకోవడమే.

మీరైతే వీడ్కోలు మాత్రం దొంగతనంగా చెయ్యకండి. ఒక ఫొటోల పుస్తకం రెండు కాపీలు చేసి, ఒకటి బిడ్డతో పంపి ఒకటి మీరుంచుకోండి. కన్నవాళ్ళు ఒప్పుకుంటే పుట్టినరోజుకి ఫోన్ చెయ్యండి, ఒప్పుకోకపోతే ఉత్తరం రాసి మీ దగ్గరే పెట్టుకోండి.

మళ్ళీ ఇంకో బిడ్డని తీసుకోవడానికి ఎన్నాళ్ళు ఆగాలి?

నెలల లెక్క ఏమీ లేదు. ఖాళీ గది చూసి అధికారులు వారం తిరక్కుండానే ఫోన్ చేస్తారు, వాళ్ళ అవసరం వాళ్ళది. వెళ్ళిన బిడ్డ పేరుతో కొత్త బిడ్డని పొరపాటున పిలిచే దశలో ఉంటే ఇంకాస్త ఆగండి. నేను పదకొండు నెలలు ఆగాను. ఈలోగా అక్క కొడుకు వచ్చాడు, ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. వాడికి నీలం బ్రష్ కొన్నాం.